థైరాయిడ్ అంటే షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు ఎందుకు?

“మా అమ్మకు థైరాయిడ్ అని తేలింది. డాక్టరు గారు కొలెస్ట్రాల్, షుగర్ పరీక్షలు కూడా రాశారు. మెడలో ఉండే గ్రంథికీ వాటికీ ఏమిటి సంబంధం?” ఇది ఓ ఇంటర్ విద్యార్థిని ప్రశ్న. అవసరం లేని పరీక్షలేమోనన్న అనుమానం కూడా ఇందులో ఉండొచ్చు. డబ్బు పెట్టేవాళ్లు కారణం అడగడం న్యాయమే.

ముందు ఆ గ్రంథి ఏం చేస్తుందో చూద్దాం. గొంతు ముందు భాగంలో ఉండే దాని బరువు సుమారు 20 గ్రాములు. ఉప్పు, చేపలు, పాల ద్వారా అందే అయోడిన్‌తో అది ప్రధానంగా టీ4 అనే హార్మోన్ తయారుచేస్తుంది. అందులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. కాలేయం వంటి అవయవాల్లో ఒకటి ఊడిపోతే అది టీ3 అవుతుంది. అసలు పని చేసేది ఇదే. తిన్నదాన్ని శక్తిగా, వేడిగా మార్చే పని ఎంత వేగంగా సాగాలో దాదాపు ప్రతి కణానికీ ఇదే చెబుతుంది.

ఆ హార్మోన్ తగ్గితే వేడి తక్కువ పుడుతుంది కాబట్టి చలి ఎక్కువనిపిస్తుంది. పేగులు నెమ్మదించి మలబద్ధకం వస్తుంది. కొలెస్ట్రాల్ సంగతీ ఇక్కడిదే. రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ను పట్టి లోపలికి తీసుకునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. టీ3 తగ్గితే ఆ గ్రాహకాలూ తగ్గుతాయి. దాంతో నూనె, నెయ్యి తగ్గించినా కొలెస్ట్రాల్ రక్తంలోనే మిగిలిపోతుంది. అందుకే చాలామందిలో ముందు థైరాయిడ్‌ను సరిచేసి, కొన్ని వారాలాగి కొలెస్ట్రాల్ మళ్లీ చూస్తారు. ఒళ్లు పెరగడం కూడా సాధారణంగా కొద్ది కిలోలే. అందులో ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పు, నీరు. “తిండి ఎక్కువై లావయ్యావు” అని ఆ మనిషిని నొప్పించడం అన్యాయం.

రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువుంటే “థైరాయిడ్ ఎక్కువైంది” అనుకుంటారు. అది థైరాయిడ్ చేసే హార్మోన్ కాదు, మెదడు కింది పిట్యూటరీ గ్రంథిది. కూలీ నెమ్మదిస్తే మేస్త్రీ గొంతు పెంచినట్టు, టీ4 తగ్గినప్పుడు అది పెరుగుతుంది.

మరి ఉప్పులో అయోడిన్ ఉన్నా గ్రంథి ఎందుకు దెబ్బతింటుంది? 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో నలుగురు స్త్రీల నుంచి తీసిన థైరాయిడ్ గ్రంథులను పరీక్షించి, వాటి నిండా తెల్ల రక్తకణాలున్నాయని రాశాడు. అవి అక్కడికి ఎందుకు చేరాయో అప్పటికి తెలియదు. 1956లో లండన్ పరిశోధకులు ఇలాంటి రోగుల రక్తంలో సొంత థైరాయిడ్‌కే వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీలను కనుగొన్నారు. సూక్ష్మక్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత గ్రంథినే పరాయిదనుకుంటోందన్న మాట. అయోడిన్ చాలినంత దొరికే చోట్ల థైరాయిడ్ తగ్గడానికి ప్రధాన కారణం ఈ ఆటో ఇమ్యూన్ జబ్బే.

ఈ పొరపాటు వెనక వారసత్వపు పాత్ర ఉంది. అందుకే అది ఒక్క అవయవంతో ఆగకపోవచ్చు. క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలపై దాడి జరిగితే టైప్ 1 షుగర్, చర్మానికి రంగునిచ్చే కణాలపై జరిగితే బొల్లి. పెద్దల్లో మామూలుగా చూసే టైప్ 2 షుగర్ ఈ కోవలోది కాదు. అయినా షుగరూ కొలెస్ట్రాలూ రెండూ గుండెకు భారమే కాబట్టి కలిపి చూడటం మంచిది.

థైరాయిడ్ తగ్గినవారికి ఇచ్చే టీ4 మాత్ర ఆ లోటును భర్తీ చేస్తుంది, దాడిని మాత్రం ఆపదు. కాబట్టి యాంటీబాడీలను పదేపదే కొలిపించుకుంటే ప్రయోజనం తక్కువ. టీ4 ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలాగి పరీక్ష చేస్తారు. మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి ముందు కనీసం అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇవన్నీ పాటిస్తున్నా మోతాదు పెంచుతూనే పోవాల్సి వస్తే డాక్టరుకు చెప్పండి. గోధుమలోని గ్లూటెన్ పడక పేగు లోపలి పొర దెబ్బతినే సీలియాక్ కూడా ఆటో ఇమ్యూన్ జబ్బే. అది ఉంటే మాత్ర రక్తంలోకి సరిగా చేరదు.