వర్తూరు నుంచి రెండు పాత తోటలకు

శనివారం వచ్చిందంటే వర్తూరు అపార్ట్‌మెంట్లలోని తెలుగు కుటుంబాలు నంది కొండకో మైసూరుకో బయల్దేరతాయి. అంత దూరం పోకుండానే చూడదగ్గవి రెండున్నాయి. ఒకటి పక్కనే, రెండోది నగరానికి అవతలి అంచున. సాఫ్ట్‌వేర్ రాకముందు బెంగళూరు పొలిమేరల్లో మట్టిని నమ్ముకుని ఎవరెవరు వచ్చారో ఆ రెండూ చెబుతాయి.

ఆ రెండింటి కంటే ముందు, దారిలో చెరువు. బెళ్లందూరు నుంచి పొర్లిన నీళ్లు వర్తూరు చెరువులో పడి, అక్కడి నుంచి దక్షిణ పినాకినికి చేరతాయి. నెల్లూరు పెన్న, ఈ నది ఒకే నంది కొండల వరసలో పుట్టాయి. అది మనవైపు తిరిగింది, ఇది తమిళనాడుకు పోయింది. 2015 ప్రాంతంలో తెల్లటి నురగ రోడ్డెక్కి ఊరి పేరును దేశమంతా వినిపించింది. ఆ పరువు చాలు, ముందుకు పోదాం.

వర్తూరు కోడి దాటి వైట్‌ఫీల్డ్‌లో ఇన్నర్ సర్కిల్ అడగండి. 1882లో మైసూరు మహారాజు పదో చామరాజ ఒడెయరు ఆంగ్లో ఇండియన్ల సంఘానికి సేద్యం కోసం దాదాపు 3,900 ఎకరాలిచ్చారు. వాళ్ల నాయకుడు డి.ఎస్. వైట్ పేరే ఊరి పేరైంది. గుండ్రటి వీధి, దాని చుట్టూ పెంకుటిళ్లు, వాటి వెనక పొలాలు. కాగితం మీద ముచ్చటైన పథకమే. కానీ రైల్వే, టెలిగ్రాఫ్ ఉద్యోగాల్లో పెరిగిన కుటుంబాలు నాగలికి ఎన్నాళ్లని కట్టుబడి ఉంటాయి? కుర్రాళ్లు కొలువులకు పోయారు, పింఛనుదార్లు మిగిలారు. ఇప్పుడు ఆ వృత్తం అలాగే ఉంది, బంగళాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఇక్కడి వేవర్లీ ఇన్‌లో యజమాని కూతురి కోసం చర్చిల్ తిరిగేవాడని చెప్పుకుంటారు. అది చెప్పుకునే మాటే. బెంగళూరు క్లబ్బు పద్దుల్లో ఆయన పేరిట ఉన్న 13 రూపాయల బాకీ మాత్రం రాతలో ఉంది. పక్కనే కాడుగోడిలో సత్యసాయి బృందావనం. పుట్టపర్తి భక్తులకు ఆ దారి కొత్త కాదు.

ఇక రెండోది, ఆదివారానికి, కనకపుర రోడ్డు మీద. తాతగుణి ఎస్టేట్ దాదాపు 468 ఎకరాలు. ఇది సినీ నటి దేవికారాణిది, ఆమె భర్త, రష్యన్ చిత్రకారుడు స్వెతోస్లావ్ రోరిక్‌ది. దేవికారాణి పుట్టింది 1908లో మన వాల్తేరులో. బాంబే టాకీస్‌ను నడిపి, దిలీప్ కుమార్‌ను తెరకు పరిచయం చేసిన మనిషి, 1945లో రోరిక్‌ను పెళ్లాడి సినిమా వదిలేసింది. తొలి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆమెదే. బొంబాయి వెలుగులు చూసిన ఆమె ఈ తోటలో పెంచిందేమిటంటే ‘లినలో’ అనే చెట్లు. మెక్సికో జాతి. కాయల తొక్కల నుంచి తీసే తైలం అత్తర్లకూ సబ్బులకూ పోతుంది. భర్త బొమ్మలు వేస్తుంటే తోటలో తైలం వ్యాపారం. మన సినిమావాళ్ల ఫామ్‌హౌస్‌ల కంటే ఇది ఎంతో దర్జాగా ఉందనిపిస్తుంది నాకు.

రోరిక్ 1993లో, ఆమె 1994లో పోయారు. పిల్లల్లేరు. ఆస్తి కోసం ఎవరెవరో ముందుకొచ్చారు. 1996లో కర్ణాటక ప్రత్యేక చట్టం చేసి ఎస్టేట్‌ను స్వాధీనం చేసుకుంది. దాని మీద నడిచిన వ్యాజ్యం సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. 2011 ఆగస్టులో చట్టం నిలిచింది. ఆస్తి హక్కు మీద న్యాయవాదులు ఈనాటికీ ఉదహరించే తీర్పు అది, ఒక తోట తగాదాలోంచి పుట్టింది.

లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కుని వెళ్లండి. రానివ్వకపోతే బండి కుమారకృప రోడ్డుకు తిప్పండి. అక్కడి చిత్రకళా పరిషత్తులో రోరిక్ తండ్రీకొడుకుల చిత్రాలకు విడిగా గదులున్నాయి. తండ్రి నికొలాయ్ గీసిన హిమాలయాలను ముందు చూసి, కొడుకు దగ్గరకు తర్వాత వెళితే తేడా బాగా పట్టుబడుతుంది.