కెమిస్ట్రీ చదివితే జీతమిస్తారు!

హైటెక్‌సిటీ చుట్టుపక్కల ఇంటర్‌ పూర్తిచేసిన పిల్లల్ని ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న... ‘కంప్యూటర్సేనా?’ అని. ‘కాదండీ, కెమిస్ట్రీ’ అంటే చాలు, జాలిగా చూస్తారు. ‘అన్నేళ్లు చదివించే స్తోమత మాకెక్కడిది’ అని తల్లిదండ్రులూ వెనకాడతారు. అలా ఇష్టమైన చదువును వదులుకునే పిల్లలెందరో! నిజానికి ఆ లెక్క తలకిందులుగా ఉంటుంది. రసాయనశాస్త్రంలో పైకి వెళ్లేకొద్దీ చేతికి డబ్బు రావడం మొదలవుతుంది. కష్టమల్లా డిగ్రీ మూడేళ్లూ గట్టెక్కడమే.

సైబర్‌ టవర్స్‌ పొరుగునే...

సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైంది 1998లో. అంతకు 24 ఏళ్ల ముందే, 1974లో హైదరాబాద్‌ విశ్వవిద్యాలయం ఏర్పడింది. సరోజినీ నాయుడి ఇల్లు ‘గోల్డెన్‌ త్రెషోల్డ్‌’లో మొదలై గచ్చిబౌలికి చేరింది. రసాయనశాస్త్రానికి అక్కడో ప్రత్యేక విభాగమే ఉంది. ఆ పక్కనే గోపనపల్లిలో టాటా ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ఫండమెంటల్‌ రీసెర్చ్‌ కేంద్రం. డిగ్రీ తరవాత ప్రవేశపరీక్ష నెగ్గి అక్కడ ఇంటిగ్రేటెడ్‌ పీహెచ్‌డీలో చేరితే నెలనెలా ఉపకారవేతనం ఇచ్చి మరీ చదివిస్తారు. సాఫ్ట్‌వేర్‌ కంపెనీల బస్సులు తిరిగే దారిలోనే ఇవన్నీ ఉన్నా చాలామంది దృష్టి అటు పోదు.

మొదటి మూడేళ్లకు...

కేంద్ర ప్రభుత్వం 2008లో ‘ఇన్‌స్పైర్‌’ పథకాన్ని తెచ్చింది. తమ బోర్డు పరీక్షల్లో మొదటి ఒక్క శాతంలో నిలిచి, బీఎస్సీలోనో ఇంటిగ్రేటెడ్‌ ఎమ్మెస్సీలోనో చేరినవారికి ఏడాదికి 80 వేల రూపాయలు ఇచ్చేలా దాన్ని రూపొందించారు. అందులో 60 వేలు విద్యార్థికి, 20 వేలు వేసవి ప్రాజెక్టుకు. కొత్త ప్రకటన వచ్చిందేమో ఏటా చూసుకోవాలి. పెద్దవాళ్లు చెప్పే కేవీపీవై కోసం మాత్రం వెతకక్కర్లేదు. 1999లో మొదలైన ఆ పథకం 2022లో ఆగిపోయింది.

ఒక్క శాతంలో లేకపోతే? కేంద్రీయ ఉపకారవేతనం ఉంది. ఇంటర్‌లో 80 పర్సంటైల్‌ దాటి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే డిగ్రీలో ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు. అయితే వేరే ఉపకారవేతనం తీసుకుంటుంటే ఇది రాదు. రెండింటిలో ఏది మేలో ముందే లెక్కవేసుకోవాలి.

అమ్మాయిలకు మరో అవకాశం ‘సశక్త్‌’. డాక్టర్‌ రెడ్డీస్‌ ఫౌండేషన్‌ ఇచ్చే ఈ ఉపకారవేతనం ఏడాదికి 80 వేల వరకూ ఉంటుంది. ఎంపిక చేసిన కళాశాలల్లో సైన్సు చదివే పేదింటి అమ్మాయిలకు ఇస్తారు. ఆ కంపెనీని 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డి తాడేపల్లి రైతుబిడ్డ. పుణెలోని నేషనల్‌ కెమికల్‌ ల్యాబొరేటరీలో పరిశోధన చేసిన వ్యక్తి. ‘కెమిస్ట్రీతో ఏమొస్తుంది?’ అనేవారికి అదే జవాబు.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్‌ సంగతి తెలిసిందే. కాకపోతే ఆ డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పలేం. బకాయిల కోసం 2024 అక్టోబరులో తెలంగాణలో ప్రైవేటు డిగ్రీ కళాశాలలు బంద్‌ కూడా చేశాయి. కాబట్టి దానిమీదే పూర్తిగా ఆధారపడకుండా ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకోవడం మంచిది.

ఆ తరవాత...

డిగ్రీ చివరి ఏడాదిలో ‘జామ్‌’ రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ చదవొచ్చు. ఎమ్మెస్సీ చేస్తూ సీఎస్‌ఐఆర్‌ నెట్‌ రాయొచ్చు. అందులో రసాయనశాస్త్రానికి విడిగా పేపరుంది. జేఆర్‌ఎఫ్‌ వచ్చి పరిశోధనలో చేరితే 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆపైన 42 వేలు. ఇంటి అద్దె భత్యం అదనం. అప్పటికి ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవడం పోయి, ఇంటికే పంపే రోజొస్తుంది.

అప్పు తప్పదనుకుంటే 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి ఉంది. పేరున్న విద్యాసంస్థల్లో సీటొస్తే తాకట్టు, హామీదారు లేకుండానే రుణమిస్తారు. కానీ అది తిరిగి కట్టాల్సిన సొమ్ము. ఉపకారవేతనాలన్నీ ప్రయత్నించాకే దాని జోలికి వెళ్లాలి.

వీటన్నిటిలో ఎక్కువమంది దెబ్బతినేది మార్కుల దగ్గర కాదు, గడువు దగ్గర. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్‌తో ముడిపెట్టిన బ్యాంకు ఖాతా... ఈ మూడూ ఇంటర్‌ ఫలితాలు వచ్చేలోపే సిద్ధం చేసుకుంటే సగం పని అయినట్టే.

ఈ పథకాలేవీ లేని రోజుల్లో, 1922లో భీమవరం కుర్రాడొకరు అమెరికా ఓడెక్కారు. మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్‌ ధర్మసంస్థ ఆసరా... అవే ఆయన పెట్టుబడి. అక్కడ రాత్రిళ్లు ఆస్పత్రిలో పనిచేస్తూ చదువుకున్నారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి నుంచి క్యాన్సర్‌ మందు మెథోట్రెక్సేట్‌ దాకా ఆయన శ్రమ ఉంది. సమయానికి అందిన కాస్త సాయానికి అంత విలువ మరి!