కవల గర్భమా? మాయ ఒకటా, రెండా అడగండి

కోనసీమలో అరటిపండుకి కొదవలేదు. అయినా గెలలో జంట పండు కనిపిస్తే కొత్తగా పెళ్ళయిన పిల్లని తిననివ్వరు, కవలలు పుడతారని. జంట పండుకీ కవలలకీ ఏ సంబంధమూ లేదు. ఒకే నెలలో రెండు అండాలు విడుదలై రెండూ ఫలించటం వల్ల గానీ, ఒకే పిండం రెండుగా చీలటం వల్ల గానీ కవలలు కలుగుతారు.

కవలలని తెలియగానే ఇంట్లోవాళ్ళు "ఆడా, మగా?" అంటారు. అది అడగటమూ, చెప్పటమూ కూడా 1994 నాటి చట్టం ప్రకారం నేరం. మీరు అడగవలసింది వేరే ఉంది. "డాక్టరుగారూ, మాయ ఒకటా, రెండా?" అని అడగండి. 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కానింగులో ఇది బాగా తెలుస్తుంది. ఆలస్యమైన కొద్దీ చెప్పటం కష్టం.

ఎవరి మాయ వారికుంటే సాధారణంగా నాలుగు వారాలకొకసారి స్కానింగు చాలు. ఇద్దరికీ ఒకటే మాయ అయితే 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి తప్పదు. మాయలోని రక్తనాళాలు కలిసిపోయి, ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకి పోవచ్చు. అప్పుడు ఒకరికి ఉమ్మనీరు తగ్గిపోతుంది, మరొకరికి విపరీతంగా పెరుగుతుంది. ఇద్దరికీ ప్రాణాపాయమే. వేళకి కనిపెడితే హైదరాబాదు వంటి నగరాల్లో లేజరు చికిత్స ఉంది. దాన్ని మామూలుగా 16 నుంచి 26 వారాల లోపే చేస్తారు.

ముక్తేశ్వరం వైపు నుంచి వచ్చిన ఒక గర్భిణిని నేను మరచిపోలేను. పది రోజుల్లోనే పొట్ట బాగా ఎత్తుగా వచ్చింది. "ఇద్దరు కదా, పెరగదా మరి?" అని పెద్దవాళ్ళు సరిపెట్టుకున్నారు. వరదల మూలంగా అంతకుముందు స్కానింగు తప్పిపోయింది. మేము చూసేసరికి ఒక బిడ్డ గుండె ఆగిపోయి ఉంది. రెండో బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, ఎలాగో దక్కింది. అప్పటినుంచి కవలల తల్లికి మందుల చీటీతోపాటు స్కానింగు తేదీలు కూడా రాసి ఇస్తున్నాను.

స్కానింగొక్కటే చాలదు. కవల గర్భంలో రక్తహీనత, రక్తపోటు ఎక్కువ. వచ్చిన ప్రతిసారీ రక్తపోటు, మూత్రంలో ప్రోటీను, రక్తం శాతం చూపించుకోండి. ఐరన్ మాత్రలు మానకండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే పథకం 2016 నుంచి ఉంది.

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుడితే బతకదు అనే మాట నమ్మకండి. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకి బలమే. అయితే కవలల్లో సగానికి పైగా 37 వారాల లోపే పుడతారు. నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉంటే, బిడ్డల ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి ఇంజక్షన్లు ఇస్తాం. అందుకు మీరు ముందుగా ఆసుపత్రికి చేరాలి.

ఇక గోదావరి సంగతి. ముక్తేశ్వరం రేవులో పంటి ఎక్కితే అవతల కోటిపల్లి, అక్కడనుంచి రామచంద్రపురం మీదుగా కాకినాడ. కాని వరద వస్తే పంటి ఆగిపోతుంది. రాత్రివేళ దాన్ని నమ్ముకోకూడదు. అమలాపురం వెళ్ళే దారి, అక్కడనుంచి ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ వెళ్ళే దారి ముందే ఆలోచించి పెట్టుకోండి. కాన్పు ఎక్కడో ఏడో నెలలోనే డాక్టరుతో తేల్చుకోండి. పసిపిల్లల ప్రత్యేక విభాగం, రక్తం ఎక్కించే సదుపాయం ఉన్నచోటే కవలల కాన్పు జరగాలి.

తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖం వాపు, రక్తస్రావం, ఉమ్మనీరు పోవటం, బిడ్డల కదలిక తగ్గటం, పొట్ట హఠాత్తుగా బిగుసుకోవటం - వీటిలో ఏది కనిపించినా తెల్లవారనీ అనుకోకండి. వెంటనే 108కి ఫోను చేయండి. స్కానింగు కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టి గుమ్మం దగ్గరే ఉంచుకోండి. ఏ రాత్రి వచ్చినా, మాయ ఒకటో రెండో డాక్టరుకి చెప్పేవి ఆ కాగితాలే.