పగలే వెన్నెల!

తెల్లకాగితం ఎండలోనూ, దీపం దగ్గరా మనకు తెల్లగానే కనిపిస్తుంది. నిజానికి దీపపు వెలుగులో ఎరుపు, పసుపు ఎక్కువ. మన మెదడు దాన్ని సరిదిద్దుకుంటుంది. కెమేరాలో ఆ పని చేసేది ‘వైట్ బ్యాలెన్స్’.

కొలిమిలో ఇనుము వేడెక్కేకొద్దీ ఎరుపు నుంచి తెలుపుకు మారుతుంది గదా! అందుకే వెలుగు రంగును ఉష్ణోగ్రతతో చెబుతారు. ఫిలమెంటు బల్బుది సుమారు 2,800 కెల్విన్లు. మధ్యాహ్నపు ఎండది 5,500.

ఇప్పుడొక తమాషా చేయండి. పట్టపగలు కెమేరాను ‘బల్బు’ గుర్తు మీద ఉంచండి. వెలుగులో ఎరుపు ఎక్కువనుకుని అది నీలాన్ని పెంచుతుంది. కాస్త చీకటిగా తీస్తే, ఎండ వెన్నెలవుతుంది! ‘నీడ’ గుర్తు పెడితే అదే ఎండ బంగారు రంగు పులుముకుంటుంది.

కాని లిట్మస్ ప్రయోగాన్ని ఫొటో తీసేటప్పుడు ఈ ఆట వద్దు. పక్కన తెల్లకాగితం ఉంచండి. అది ఫొటోలోనూ తెల్లగా ఉంటేనే మిగతా రంగులను నమ్మవచ్చు.