పాత మౌంటెన్ బైకు ఫ్రేములలో ఉక్కు మిశ్రలోహ గొట్టాలు

ప్రతిబలం, వికృతి, యంగ్ గుణకం అనే మూడు భావనలను ఇంతకు ముందు పాఠంలో చదివారు. వాటిని నిజమైన ఒక వస్తువుకు అన్వయించి చూడటమే ఈ పాఠం పని. ఆ వస్తువు 1980, 1990 దశకాలలో తయారైన మౌంటెన్ బైకు ఫ్రేము. అలాంటి ఫ్రేము సీటు గొట్టం మీద తరచుగా ‘క్రోమోలీ’ అనో, ‘4130’ అనో ఒక చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. పాత సైకిలు కొనేవారు ఆ స్టిక్కరును చూసి ఎక్కువ ధర ఇస్తారు. అది చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత అనేది పరిశీలిద్దాం.

కొండ దారుల అవసరం

అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీలోని టమల్‌పైస్ కొండ చుట్టుపక్కల 1970 దశకంలో కొందరు యువకులు పాత లావు టైర్ల సైకిళ్ల మీద మట్టిదారుల వెంట కిందికి దిగడం మొదలుపెట్టారు. 1976లో అక్కడ ‘రీప్యాక్’ అనే పందెం జరిగింది. దిగువకు వచ్చేసరికి వెనుక హబ్బులోని బ్రేకు వేడెక్కి, లోపలి గ్రీజు మాడిపోయేది. దాన్ని మళ్లీ నింపవలసి వచ్చేది కాబట్టి ఆ పేరు. వారు వాడినవి చాలావరకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి ష్విన్ ఫ్రేములు. అవి మామూలు కార్బన్ ఉక్కుతో చేసినవి, బరువైనవి. పైగా అంత కుదుపుల కోసం రూపొందించినవి కావు, కాబట్టి వంగేవి, విరిగేవి.

1977లో జో బ్రీజ్ ఈ పని కోసమే ఒక కొత్త ఫ్రేమును నిర్మించాడు. దానికి ఎంచుకున్నది చిన్న విమానాల చట్రాలలో వాడే 4130 ఉక్కు గొట్టం. 1979లో టామ్ రిచీ చేసిన ఫ్రేములను గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి అమ్మడం ప్రారంభించారు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ స్టంప్‌జంపర్ జపాన్‌లో తయారై వచ్చింది. అక్కడి నుంచి ఇది కొద్దిమంది సరదాగా కాక పరిశ్రమగా మారింది.

4130లో ఏముంది?

ఈ సంఖ్యలో మొదటి రెండు అంకెలు క్రోమియం–మాలిబ్డినం ఉక్కు జాతిని సూచిస్తాయి. చివరి రెండు అంకెలు కార్బన్ పాలు సుమారు 0.30 శాతమని చెబుతాయి. క్రోమియం 0.8 నుంచి 1.1 శాతం, మాలిబ్డినం 0.15 నుంచి 0.25 శాతం ఉంటాయి. మిగిలినదంతా దాదాపు ఇనుమే. అంటే ‘మిశ్రలోహం’ అన్న మాట విని సగానికి సగం వేరే లోహం ఉంటుందని అనుకోవద్దు. కొద్దిపాటి చేర్పులే ఉక్కు లోపలి సూక్ష్మ నిర్మాణాన్ని మార్చి, వేడి చేసి చల్లబరిచినప్పుడు అది మరింత గట్టిపడేలా చేస్తాయి.

నార్మలైజ్ చేసిన 4130 తన్యతా బలం సుమారు 670 మెగా పాస్కల్. మామూలు తక్కువ కార్బన్ ఉక్కుకు ఇది 400 ప్రాంతంలో ఉంటుంది. కార్బన్‌ను ఇంకా పెంచితే బలం పెరుగుతుంది కానీ అతుకు దగ్గర లోహం పెళుసవుతుంది. అందుకే 0.30 దగ్గర ఆగారు. ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. క్రోమియం ఉంది కాబట్టి ఈ ఉక్కు తుప్పు పట్టదని కొందరు నమ్ముతారు. తుప్పును నిలువరించాలంటే క్రోమియం కనీసం 10.5 శాతం కావాలి. 1 శాతంతో ఆ పని జరగదు.

క్రోమోలీ ఒక్కటే దారి కాదు. బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ సంస్థ 1935లో తెచ్చిన 531 గొట్టంలో మాంగనీస్, మాలిబ్డినం ప్రధానమైన చేర్పులు. జపాన్‌కు చెందిన టాంగే, ఇటలీకి చెందిన కొలంబస్ సంస్థల క్రోమోలీ గొట్టాలు కూడా పాత ఫ్రేములలో విరివిగా కనిపిస్తాయి.

మిశ్రలోహం మార్చలేనిది

ఈ పాఠంలో విద్యార్థులు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ‘మంచి ఉక్కు కాబట్టి ఫ్రేము తక్కువ వంగుతుంది’ అని రాస్తారు. అది సరి కాదు. ఉక్కు యంగ్ గుణకం సుమారు 200 గిగా పాస్కల్. చవక ఉక్కుకైనా, 4130కైనా, 531కైనా ఇందులో చెప్పుకోదగ్గ తేడా లేదు. సాంద్రత కూడా అంతే, ఘన సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు. కాబట్టి ఒకే వ్యాసం, ఒకే మందం ఉన్న గొట్టాలతో ఒకటి చవక ఉక్కు ఫ్రేము, మరొకటి క్రోమోలీ ఫ్రేము చేస్తే రెండూ ఒకే బరువు తూగుతాయి. పెడల్ తొక్కినప్పుడు రెండూ ఒకేలా వంగుతాయి. తేడా ఎక్కడంటే, భారం బాగా పెరిగినప్పుడు చవక ఉక్కు ముందుగా స్థితిస్థాపక అవధిని దాటి శాశ్వతంగా వంగిపోతుంది. క్రోమోలీ తిరిగి యథాస్థితికి వస్తుంది.

మరి తేలికైన ఫ్రేము ఎలా వస్తుంది? బలం ఎక్కువ కాబట్టి గోడను పలుచన చేయవచ్చు. వ్యాసం మార్చకుండా 0.9 మి.మీ. గోడను 0.6 మి.మీ. చేస్తే ప్రతిబలం సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. 400కు బదులు 670 బలం ఉన్న ఉక్కు దాన్ని తట్టుకుంటుంది. కానీ వంగకుండా నిలిచే గుణం మూడో వంతు తగ్గుతుంది! తేలికైన క్రోమోలీ ఫ్రేము చవక ఫ్రేముకన్నా ఎక్కువగా స్ప్రింగులా కదలడానికి కారణం ఇదే. ఉక్కు ఫ్రేము ‘ప్రాణం ఉన్నట్టు’ నడుస్తుందని ఇష్టపడేవారు చెప్పేదానిలో కొంత భాగం గోడ మందం తగ్గడమేనని మా అభిప్రాయం. మిగిలిన భాగాన్ని టైర్లకు ఇవ్వాలి.

ఈ లోటును తీర్చేది వ్యాసం. పలుచని గొట్టం బరువు వ్యాసానికీ మందానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వంగుడును నిరోధించే గుణం మాత్రం వ్యాసం ఘనానికీ మందానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. 25.4 మి.మీ. గొట్టానికి బదులు 31.8 మి.మీ. గొట్టం తీసుకున్నామనుకుందాం. వ్యాసం 1.25 రెట్లు. మందం మార్చకపోతే బరువు 25 శాతం పెరుగుతుంది, వంగుడు నిరోధం దాదాపు రెట్టింపు అవుతుంది. బరువు పెరగకూడదనుకుంటే మందాన్ని 0.9 నుంచి 0.72 మి.మీ.కు తగ్గించాలి. అప్పటికీ నిరోధం సుమారు 1.56 రెట్లు ఉంటుంది. పాత రోడ్డు సైకిళ్లకంటే మౌంటెన్ బైకుల గొట్టాలు లావుగా ఉండటానికి ఇదే లెక్క కారణం. ఈ దారిలో ఎంత దూరమైనా పోలేము. గోడ మరీ పలుచబడితే ఖాళీ కూల్‌డ్రింకు డబ్బాలా చిన్న దెబ్బకే సొట్ట పడుతుంది.

చివరలు మందం, నడుమ పలుచన

గొట్టంపై ప్రతిబలం అంతటా ఒకేలా ఉండదు. అతుకుల దగ్గర ఎక్కువ, నడుమ తక్కువ. పైగా అతికేటప్పుడు చివరలకు వేడి తగులుతుంది. కాబట్టి బయటి వ్యాసం మారకుండా చివరలను మందంగా, నడుమను పలుచగా చేస్తారు. దీన్ని బటెడ్ గొట్టం అంటారు. రేనాల్డ్స్ ఈ పద్ధతికి 1897లోనే పేటెంటు పొందింది. 28.6 మి.మీ. వ్యాసం, 0.9 మి.మీ. గోడ ఉన్న గొట్టం మీటరుకు సుమారు 615 గ్రాములు తూగుతుంది. గోడ 0.6 మి.మీ. అయితే 414 గ్రాములు. ఒక గొట్టంలో 35 సెం.మీ. మేర పలుచన చేస్తే మిగిలేది 70 గ్రాములు. మూడు ప్రధాన గొట్టాలకు సుమారు 210 గ్రాములు. ప్రకటనలు చెప్పినంత గొప్ప లాభం కాకపోయినా, కొండ ఎక్కేవారికి ఇది వదులుకోదగినది కాదు.

అతికే పద్ధతులలో లగ్గులు వాడి ఇత్తడితోనో వెండి మిశ్రమంతోనో చేసే బ్రేజింగ్‌లో గొట్టం కరగదు. టిగ్ వెల్డింగులో గొట్టమే కరిగి కలుస్తుంది. 4130 దీన్ని బాగా ఓర్చుకుంటుంది. 531 మాత్రం బ్రేజింగుకు తగినది. 1995లో వచ్చిన రేనాల్డ్స్ 853 వెల్డింగు తరువాత గాలిలో చల్లబడుతూ అతుకు దగ్గర ఇంకా గట్టిపడుతుంది.

స్టిక్కరును ఎలా చదవాలి?

‘క్రోమోలీ మెయిన్ ట్యూబ్స్’ అని ఉంటే మూడు ప్రధాన గొట్టాలు మాత్రమే క్రోమోలీ అని అర్థం. వెనుక చక్రాన్ని పట్టుకునే సన్నని గొట్టాలు, ఒక్కోసారి ఫోర్కు కూడా చవక ఉక్కువే. స్టిక్కరు లేకపోతే సీటు పోస్టును బయటికి తీసి దాని మీద చెక్కిన కొలత చూడండి. సీటు గొట్టం బయటి వ్యాసం 28.6 మి.మీ. ఉండి, పోస్టు 27.2 మి.మీ. అయితే ఆ చోట గోడ 0.7 మి.మీ.కు మించదు. ఇది మంచి గొట్టానికి గుర్తు. పోస్టు 25.4 మి.మీ. అయితే గోడ ఎంత ఉంటుందో మీరే లెక్కించి, అది ఏ తరహా ఉక్కు అయి ఉంటుందో రాయండి.

పోస్టు బయట ఉండగానే గొట్టం లోపలికి టార్చిలైటు వేసి చూడటం మరవకండి. వాన నీరు సీటు దగ్గరి చీలిక గుండా దిగి, అడుగున పెడల్ ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ దగ్గర నిలుస్తుంది. 0.6 మి.మీ. గోడలో 0.2 మి.మీ. తుప్పు తినేస్తే మూడో వంతు లోహం పోయినట్టే. పైన రంగు మాత్రం చెక్కుచెదరదు. ఉక్కుకు ఒక నిర్దిష్ట ప్రతిబలం కంటే తక్కువలో ఎన్ని లక్షల సార్లు కుదిపినా అలసి విరగని గుణం ఉందని ముందు పాఠంలో చదివారు. ఆ గుణం పొడిగా, శుభ్రంగా ఉన్న ఉక్కుకే. తుప్పు పట్టే చోట ఆ హద్దు ఉండదు, చిన్న గుంట నుంచే పగులు మొదలవుతుంది. హెడ్ ట్యూబు కింద డౌన్ ట్యూబు అడుగు భాగాన్ని వేలితో తడమండి. అక్కడ ఉబ్బు గాని, రంగులో అడ్డంగా సన్నని గీత గాని తగిలితే ఆ ఫ్రేము ఎప్పుడో ఎదురుగా గుద్దుకుని ఉంటుంది. దాని మీద ఏ స్టిక్కరు ఉన్నా కొండ దిగడానికి వాడకూడదు.