పాత శాండింగు మిషను కొంటున్నారా? ముందు దుమ్ముసంచి చూడండి

ఇంట్లోనే చిన్న వడ్రంగం షెడ్డు పెట్టుకోవాలన్న సరదా ఈమధ్య చాలామందికి పట్టుకుంది. రిటైరైన పెద్దాయన పెరట్లో రేకులు దింపుకుంటాడు. ఆఫీసు నుంచి వచ్చిన కుర్రవాడు బాల్కనీలో బల్ల వేసుకుని పుస్తకాల అలమారు మొదలుపెడతాడు. మంచిదే. చేతికి పని, మనసుకు విశ్రాంతి, ఇంటికి నాలుగు సామాన్లు. ఏ వైద్యుడూ దీన్ని వద్దనడు.

రంపం, ఉలి, సుత్తి సమకూరాక అందరి చూపూ శాండింగు మిషను మీద పడుతుంది. ఉప్పుకాగితం పట్టుకుని పూటంతా రుద్దితే భుజాలు పీకుతాయి. మిషనైతే ఆ పని ఇట్టే తెమిలిపోతుంది. కొత్తది కొనాలంటే ధర ఎక్కువ. మూతపడిన ఫర్నిచర్ షెడ్డులోనో, పాతసామాన్ల కొట్టులోనో, ఫోనులో కనిపించిన ప్రకటనలోనో చవగ్గా ఒకటి దొరుకుతుంది. ఇంకేం, సంచీ పట్టుకుని బయల్దేరతారు.

“ఆరోగ్యం గురించి చెప్పే పేజీలో ఈ మిషను గొడవేమిటండీ?” అని మీకు అనుమానం రావచ్చు. రంపంతో వేలు తెగితే వెంటనే తెలుస్తుంది, వెంటనే కట్టు కడతాం. శాండింగు మిషను చేసే హాని అలా కనబడదు. ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి మెల్లగా చేరుతుంది. పైగా అది మిషను నడిపేవారితో ఆగదు. పక్కగదిలో పడుకున్న పసిపిల్లకూ, ఉబ్బసంతో బాధపడే అత్తగారికీ కూడా వాటా పంచుతుంది. అందుకే ఈ బేరానికి వెళ్లేముందు నాలుగు మాటలు వినండి.

పొట్టు వేరు, దుమ్ము వేరు

చిత్రిక పట్టినప్పుడు వచ్చే పొట్టు చుట్టలు చుట్టలుగా కాళ్ల దగ్గర పడుతుంది. రంపపు పొట్టు కూడా చాలావరకు నేల మీదికే రాలుతుంది. శాండింగు మిషను చెక్కను గోకి గోకి పిండి చేస్తుంది. ఆ పిండిలో కంటికి ఆననంత సన్నని రేణువులుంటాయి. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకోండి. 10 మైక్రాన్ల కన్నా సన్నని రేణువులు గొంతు దాటి దిగిపోగలవు. మరీ సన్ననివి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. మీరు పని ఆపి చేతులు కడుక్కున్న తరువాత కూడా అవి గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటాయి. దుమ్ము కనబడటం లేదు కాబట్టి గాలి శుభ్రంగా ఉందనుకోవడం పొరపాటు.

మరి పెద్ద రేణువులో? అవి ముక్కులోనే ఆగిపోతాయి. అదీ మంచిది కాదు. ఇంగ్లండులో హై వికోమ్ అనే ఊరు కుర్చీల తయారీకి పేరుపొందింది. 1960లలో ఆ ప్రాంతపు ఫర్నిచర్ పనివారిలో ముక్కులోపల వచ్చే ఒక అరుదైన కాన్సరు ఎక్కువగా కనిపిస్తున్నదని ఎస్మీ హాడ్‌ఫీల్డ్ అనే చెవి ముక్కు గొంతు వైద్యురాలు గమనించారు. ఆమె, మరి కొందరు వైద్యులు కలిసి చేసిన పరిశీలన 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ చెక్కదుమ్మును మనిషికి కాన్సరు కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది.

ఇది చదివి గుండె జారిపోనక్కరలేదు. వారు ఏళ్ల తరబడి, రోజంతా, గట్టికలప దుమ్ములో పనిచేసినవారు. ఆదివారం రెండు గంటలు పనిచేసే మీకు అంత ముప్పు లేదు. కాని తుమ్ములు, ముక్కుదిబ్బడ, దగ్గు, ఆయాసం, కళ్లమంట, చర్మంమీద దద్దురు వంటివి అన్నేళ్లు ఆగవు. కొందరికి కొన్ని వారాలలోనే మొదలవుతాయి.

కలపను బట్టి కూడా తేడా ఉంటుంది. మన ఇళ్లలో ఎంతో ఇష్టపడే టేకు దుమ్ము కొందరికి చేతులమీద, మెడమీద దురద, దద్దురు తెప్పిస్తుంది. రోజ్‌వుడ్ కూడా అంతే. అమెరికా నుంచి వచ్చే వెస్టర్న్ రెడ్ సీడర్ అనే కలప దుమ్ము ఉబ్బసం కలిగిస్తుందని బాగా రుజువైంది. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. పలకల్లో చెక్కతోపాటు జిగురు కూడా ఉంటుంది. వాటిని రుద్దితే ఆ జిగురు కూడా పొడిగా లేస్తుంది. “ఇది అసలు చెక్కే కాదు, దుమ్మేం చేస్తుంది?” అనుకోకండి.

బేరానికి వెళ్లినప్పుడు

పాత మిషను కొనడం తప్పేమీ కాదు. మోటారు మంచిదైతే పాతదే ఎన్నో ఏళ్లు పనిచేస్తుంది. అయితే చేతులు మారేటప్పుడు అన్నిటికన్నా ముందు పోయేది దాని దుమ్ముసంచి. “సంచి లేదు సార్, దాంతో పనేముంది, అందుకే ధర తగ్గించాను” అంటాడు అమ్మేవాడు. సంచి లేకపోయినా ఫరవాలేదు, దుమ్ము బయటికి వచ్చే గొట్టం పగలకుండా ఉందో లేదో చూడండి. ఆ గొట్టానికి వాక్యూమ్ క్లీనరు పైపు బిగించుకోవచ్చు. గొట్టమే లేని మిషను ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి. సంచీ, పైపూ కొనడానికయ్యే ఖర్చు కూడా కలుపుకునే ధర లెక్క వేయండి.

రెండోది, ఇదివరకు దాంతో ఏం రుద్దారో అడగండి. బల్లకు బిగించే బెల్టు మిషన్లతో చాలామంది ఇనుము కూడా అరగదీస్తారు. దుమ్ము గొట్టంలోకి టార్చిలైటు వేసి చూడండి. నల్లటి ఇనుపరజను కనిపిస్తే, ఇంటికి తెచ్చాక మిషనంతా శుభ్రం చేసి, కొత్త బెల్టు వేశాకే చెక్క పెట్టండి. ఒకే మిషనుమీద ఇనుమూ చెక్కా ఎప్పుడూ రుద్దకండి. ఇనుమునుంచి లేచే నిప్పురవ్వ సంచిలోని చెక్కదుమ్ములో పడితే అది లోలోపల రాజుకుంటుంది. మీరు తలుపు వేసి భోజనానికి వెళ్లాక మంట లేస్తుంది. చెక్కలో దిగిపోయిన మేకు తగిలినా ఇదే ప్రమాదం.

మూడోది, చప్పుడు. మిషను వేయించి అయిదు నిమిషాలు నడవనివ్వండి. ఒకే తీరుగా మోగితే సరే. గరగరమనో, కీచుమనో వినిపిస్తే బేరింగులు అరిగాయన్నమాట. 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలు పనిచేయవచ్చని ఒక లెక్క. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 డెసిబెల్స్ దగ్గర మిగిలేది గంటే. దీనికి పరికరాలేమీ అక్కరలేదు. గజం దూరంలో నిలబడ్డ మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే చెవులకు రక్షణ కావాలని అర్థం. పోయిన వినికిడి మళ్లీ రాదు.

నాలుగోది, అదురు. మిషనును రెండు చేతులా పట్టుకుని నడిపి చూడండి. దింపిన తరువాత వేళ్లలో తిమ్మిరి, జివజివ మిగిలితే దాని చక్రంగానీ ప్యాడ్‌గానీ సరిగ్గా తూగడంలేదు. ఇలా అదిరే యంత్రాలను ఏళ్ల తరబడి పట్టుకునేవారికి చలిలో వేళ్లు తెల్లగా పాలిపోవడం, పట్టు తగ్గడం వంటివి వస్తాయి. మధుమేహం ఉండి ఇదివరకే వేళ్లు తిమ్మిరెక్కేవారు ఈ పరీక్ష మరీ జాగ్రత్తగా చేయాలి.

అయిదోది, కరెంటు. వైరు పొడుగునా చేత్తో తడిమి చూడండి. ఇన్సులేషన్ టేపు చుట్టిన చోట్లు ఉంటే కొత్త వైరు వేయించండి. ఇనుప ఒళ్లున్న మిషనుకు మూడుకాళ్ల ప్లగ్గు, ఎర్త్ తప్పనిసరి. రెండుకాళ్ల ప్లగ్గు ఉంటే మిషనుమీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉండాలి. అంటే లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందన్నమాట. షెడ్డుకు వెళ్లే లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టిస్తే ప్రాణానికి భరోసా. స్విచ్చి పదిసార్లు వేసి తీసి చూడండి. వేసినచోటే ఇరుక్కుపోయే స్విచ్చి ఉంటే కొనకండి.

అమెరికాలో ఉన్న అబ్బాయి తెచ్చిచ్చిన మిషనో, అలా వచ్చి చేతులు మారినదో అయితే దానిమీది రేకు చదవండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్లు. మనది 230 వోల్టులు, 50 సైకిళ్లు. నేరుగా పెడితే కాలిపోతుంది. చేతిలో పట్టుకునే చిన్న మిషనుకు తగిన ట్రాన్స్‌ఫార్మరు చాలవచ్చు. బల్లకు బిగించే పెద్ద మోటారుకు మాత్రం ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా సైకిళ్ల తేడా పోదు. వేగం తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. ఆ బేరం మానుకోవడమే మేలు.

ఇక చివరి పరీక్ష. ఒక చెక్కముక్క, ఒక నల్లగుడ్డ మీ వెంట తీసుకువెళ్లండి. గుడ్డ పరిచి, దానిమీద చెక్క పెట్టి, సంచిగానీ పైపుగానీ తగిలించి రెండు నిమిషాలు రుద్దండి. గుడ్డ తెల్లబడిపోతే ఆ మిషను దుమ్మును పట్టుకోలేకపోతున్నదన్నమాట.

ఏ రకం మంచిదంటారా? ఇంటి అవసరానికి అయిదంగుళాల రాండమ్ ఆర్బిటల్ రకం సుఖం. దాని ప్యాడ్‌కుండే రంధ్రాల గుండా దుమ్ము లోపలికే లాగబడుతుంది. అతికించే కాగితానికి కూడా అదే వరసలో రంధ్రాలుండేట్టు చూసుకోండి. బెల్టు మిషను పని వేగంగా చేస్తుంది, దుమ్మూ అంతే వేగంగా లేపుతుంది. షెడ్డు ఇంటికి దూరంగా ఉంటేనే దాని జోలికి వెళ్లండి. దాంతోపాటు వచ్చే పాత బెల్టులు వాడకండి. అతుకు దగ్గర జిగురు ఎండిపోయి, నడుస్తుండగా తెగి మొహానికి కొడతాయి.

పాత తలుపుల విషయంలో జాగ్రత్త

మిషను రాగానే చాలామంది చేసే మొదటి పని, తాతగారి నాటి తలుపులకూ ఉయ్యాలకూ రంగు గీకడం. ఇదే అన్నిటికన్నా ప్రమాదం. పాత రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును సీసం ఉన్నట్టే భావించాలి. ఆ దుమ్ము నేలమీద పడుతుంది. పాకే పిల్ల చేతికి అంటుతుంది, ఆ చేయి నోట్లోకి వెళుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ఫరవాలేదని చెప్పగల మోతాదు లేదు. కాబట్టి పాతరంగు ఉన్న చెక్కమీద మిషను పెట్టనే వద్దు. తప్పదంటే తడిపి, చేత్తో, ఆరుబయట, పిల్లలూ గర్భిణులూ దగ్గర లేనప్పుడు చేయించండి. తడిగుడ్డలతో తుడిచి ఆ గుడ్డలు పారేయండి.

ఇంటికి తెచ్చాక

పని ఆరుబయట గానీ, ఎదురెదురు కిటికీలున్న చోట గానీ పెట్టుకోండి. సీలింగు ఫాను వేయకండి. అది దుమ్మును గదంతా తిప్పుతుంది. గాలిని బయటికి తోసే ఎగ్జాస్టు ఫాను మేలు. ముక్కుకు చేతిరుమాలు, ఆపరేషన్ గుడ్డమాస్కు చాలవు. ఎన్-95 మాస్కు ముఖానికి గట్టిగా అతుక్కునేట్టు పెట్టుకోండి. గుబురుగడ్డం ఉంటే పక్కలనుంచి దుమ్ము లోపలికి వస్తుంది. కళ్లకు అద్దాలు, చెవులకు ప్లగ్గులు ఉండాలి. వదులు చొక్కా, పైటకొంగు, వేలాడే గొలుసు మిషను దగ్గరికి రాకూడదు.

పని అయ్యాక చీపురుతో ఊడవకండి. తడిగుడ్డతో తుడవండి. సంచిని ఏ పూటకాపూట బయట ఖాళీ చేయండి. బట్టలు షెడ్డులోనే మార్చుకుని, స్నానం చేసి, అప్పుడు మనవరాలిని ఎత్తుకోండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే, వారు పొరుగూరు వెళ్లిన రోజునే ఈ పని పెట్టుకున్నా తప్పులేదు.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

షెడ్డులో పనిచేసిన రాత్రి దగ్గు, పిల్లికూతలు వచ్చి, పని మానిన రోజుల్లో తగ్గుతున్నాయా? అది చెక్కదుమ్ము ఉబ్బసం కావచ్చు. ఆలస్యం చేస్తే పని మానేసినా అది వదలకపోవచ్చు. ముక్కు ఒకవైపే వారాల తరబడి దిబ్బడ వేసినా, ఒకవైపు నుంచే పదేపదే రక్తం వచ్చినా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా “నేను ఇంట్లో చెక్కపని చేస్తుంటానండీ” అని మీ అంతట మీరే చెప్పండి. రిటైరైన గుమాస్తాను చూసి చెక్కదుమ్ము సంగతి అడగాలని ఎవరికి తోస్తుంది?

ఇన్ని చెప్పానని మీ సరదా మానుకోకండి. మిషను ధరలో మిగిలిన డబ్బులోంచి కొంత తీసి ఒక మంచి మాస్కు, ఒక పైపు, ఒక సంచి ముందు కొనండి. ఆ తరువాత మీ అమ్మాయికి బల్ల చేసినా, మనవడికి గుర్రపుబొమ్మ చేసినా, వాళ్లతోపాటు మీరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.