కథలలో పాముకాటు

కథలు వ్రాయు సోదరీమణుల సంఖ్య నానాటికి పెరుగుచున్నందుకు మేము మిక్కిలి సంతసించుచున్నాము. అయినను వ్యాధులను, చికిత్సలను వర్ణించునపుడు కొంత జాగరూకత వలయునని మనవి చేయుచున్నాము. పాముకాటునే తీసికొందము.

నాయికను పాము కఱచును. నాయకుడు ఉత్తరీయము చించి కాలికి బిగించి కట్టి, గాయమునకు నోరుపెట్టి విషమును పీల్చి యుమియును. మఱుక్షణమున నామె కన్నులు తెఱచును. చదువుటకు రమ్యముగనే యున్నది. కాని పీల్చినంతమాత్రమున విషము వెలికి రాదు. గట్టిగా కట్టినచో కాలే చెడవచ్చును. గాయమును కోసినచో రక్తస్రావము హెచ్చును.

ఏ పామో నిర్ణయింపక వ్రాయుట మఱియొక లోపము. నాగుపాము, కట్లపాము కఱచినచో కనుఱెప్పలు వాలును, మాట ముద్దగును, తుదకు ఊపిరి యాడదు. కట్లపాము కాటున నొప్పి, వాపు అంతగా నుండవు. నేలపై నిద్రించువారికి కాటు తెలియకయే పోవచ్చును. రక్తపింజర కాటున వాపు హెచ్చును, రక్తము గడ్డకట్టదు, మూత్రపిండములు చెడును.

కథాకాలమును గూడ గమనింపవలెను. ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్టు కాల్మెట్టు విరుగుడు సీరమును సిద్ధపఱచినది 1895 ప్రాంతమున. అంతకుముందు జరిగిన కథలో వైద్యుడు సూదిమందు నిచ్చుట పొసగదు. నేటి కథలో నిచ్చినను ఒక్క సూదితో ముగియదు. సాధారణముగా మొదటనే ఎనిమిది, పది సీసాల మందును సెలైనులో కలిపి నరములోని కెక్కింతురు. మన దేశమున నీ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషములు నాల్గింటికిని పనిచేయును. కావున పామును చంపి తెచ్చుటకై కాలము వ్యర్థపుచ్చ నక్కఱలేదు.

కథయే గదా, యింత పట్టింపేల యని కొంద ఱడుగవచ్చును. వైద్యగ్రంథములు చదువు గృహిణు లెందఱు? ఆపదవేళ జ్ఞప్తికి వచ్చునది ఎన్నడో చదివిన కథయే. దానిని నమ్మి గాయమును పీల్చుచు కూర్చున్న యింట, బిడ్డను ఆసుపత్రికి చేర్పవలసిన గడియలు గడచిపోవును.

నిజము వ్రాసినచో కథ చప్పబడునను భయము వలదు. కఱచిన కాలు కదలకుండ బద్దకట్టి, బిడ్డను ఒడిలో పరుండబెట్టుకొని, వాలుచున్న ఱెప్పలను చూచుచు చీకటి దారిని ఆసుపత్రికి పోవు తల్లి కంటె కరుణరసమున కేమి కావలెను? వ్రాయుటకు ముందు తెలిసిన వైద్యునో, నర్సునో యొక్కమాట యడుగుడు.